రచయితల వార్తలతో నెలనెలా ఉత్తరం పంపాలంటే వాట్సాప్ మేలా, ఈమెయిల్ మేలా?

కపిలతీర్థం దావ (తిరుపతి)

అందరికీ నమస్కారం. తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు, పలమనేరు పక్క 11 మంది రచయితల కబుర్లు నెలకొక ఉత్తరంగా పాఠకులకి పంపాలని అనుకుంటా ఉండాం. కొత్త పుస్తకం, పత్రికలో వచ్చిన కథ, ఆవిష్కరణ సభ, ఇట్లాంటివి. చేతిలో ఉండేది పుస్తకాల స్టాళ్లలో నోటుబుక్కులో రాయించుకున్న 430 పేర్లు. 390 మందికి ఫోన్ నంబర్లు ఉండాయి, 210 మందికే ఈమెయిల్. రెండు నెలల్లో 160 పేజీల కథల సంపుటి ఒకటి అచ్చుకి పోతాది.

వాట్సాప్ గ్రూపు పెట్టాలా, ఛానెలా, ఈమెయిలా? మ్యాటరంతా అను ఫాంట్లలో (పాత డీటీపీ తెలుగు ఫాంట్లు) ఉంది, దాన్ని ఏం చేయాల? ఉత్తరం ఎంత పొడుగుండాల? చదివినారో లేదో తెలుసుకునేది ఎట్లా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

నీవా ఒడ్డు (చిత్తూరు)

ముందు ఆ నోటుబుక్కు సంగతి తేల్చుకోండి సార్. నంబరు రాసినవాళ్లు దేనికని రాసినారు? పుస్తకం వచ్చినాక ఫోన్ చేస్తారని రాసుంటే, నెలనెలా ఉత్తరం పంపమని ఒప్పుకున్నట్టు కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పేదీ ఇదే. దేనికి వాడతామో చెప్పి సమ్మతి తీసుకోవాల. ఆ సమ్మతి ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే దారీ ఉండాల. చట్టం మాట అటుంచినా, అడక్కుండా వచ్చే ఉత్తరాన్ని మనసుపెట్టి చదివేవాళ్లు ఎవరు?

అందుకని 390 మందికీ విడివిడిగా ఒక్కటే మెసేజ్ పంపండి. మీరెవరు, వాళ్ల నంబరు ఏ స్టాల్లో రాసిచ్చినారు, నెలకి ఎన్ని ఉత్తరాలొస్తాయి, కావాలంటే ఏ లింకులో పేరు రాయాల. నాలుగు వాక్యాలు చాలు. రోజుకి 30, 40 మందికి మించి పంపొద్దు. మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకి ఒకే మెసేజ్ గుంపుగా పోతే రిపోర్ట్ కొడతారు, మీ నంబరే ఆగిపోవచ్చు. బదులు రానివాళ్లని వదిలేయండి. చివరికి 120 మందే మిగిలినా దిగులు పడొద్దు, పుస్తకం కొనేది వాళ్లే.

ఫారంలో పేరు, ఈమెయిల్, వాట్సాప్ నంబరు, ఊరు అడగండి. ఊరు తప్పకుండా ఉండాల. మహతి ఆడిటోరియంలో సభ పెడితే ఆ పిలుపు తిరుపతి చుట్టుపక్కల వాళ్లకి పోవాలగానీ హైదరాబాదులో ఉండేవాళ్లకి ఎందుకు? ఒప్పుకుంటున్నా అనే గడిలో మీరే ముందుగా టిక్ పెట్టి ఉంచొద్దు. ఇకమీదట స్టాల్లో నోటుబుక్కు మానేసి క్యూఆర్ కోడ్ పెట్టండి, ఎవరి ఈమెయిల్ వాళ్లే ఫోన్లో కొట్టుకుంటారు. చేతిరాతలో ఎల్ అక్షరానికీ 1 అంకెకీ తేడా తెలీక పోయే చిరునామాలు శానా.

ఇంక వాట్సాప్. గ్రూపు వద్దు. అందులో చేరిన ప్రతివాళ్ల నంబరూ మిగతా అందరికీ కనిపిస్తాది, ఆడవాళ్లు చాలామంది ఆ ఒక్క కారణానికే బయటికి పోతారు. బ్రాడ్‌కాస్ట్ జాబితాకి (ఒకే మెసేజ్‌ని ఒక్కొక్కరికీ విడిగా పంపే దారి) 256 మంది హద్దు. అందులోనూ మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరతాది, ఇది తెలీక ‘పంపినాం, ఎవరూ పలకలేదు’ అనుకుంటారు. ఛానెల్లో నంబర్లు బయటపడవు, ఎంతమందైనా చేరొచ్చు. కానీ చేరినప్పుడు నోటిఫికేషన్ మ్యూట్‌లోనే ఉంటాది, పాఠకుడు గంట బొమ్మ నొక్కుకుంటేనే మోగేది.

నా మాట వింటే, ఉత్తరం ఈమెయిల్లో పంపండి. ‘ఉత్తరం వచ్చింది, ఇదో లింకు’ అని తలుపు తట్టడానికి వాట్సాప్ వాడండి. ఈమెయిల్ జాబితాని ఫైలుగా దించుకోవచ్చు, ఒక సర్వీసు నచ్చకపోతే ఇంకోదానికి పట్టుకుపోవచ్చు. ఛానెల్లో చేరినవాళ్లని అట్లా వెంట తీసుకుపోయే వీల్లేదు.

కపిలతీర్థం దావ

శానా థ్యాంక్స్ అన్నా. ఇంకొక్క మాట. ఈమెయిల్ ఉండేది 210 మందికే కదా, మామూలు జీమెయిల్ నుంచి బీసీసీలో (ఒకరి చిరునామా ఇంకొకరికి కనపడని గడిలో) పెట్టి పంపితే చాలదా?

శేషాచలం అక్షరం (తిరుపతి)

చాలదు. మామూలు జీమెయిల్ నుంచి రోజుకు 500 మందికి పంపొచ్చు కాబట్టి లెక్కకు సరిపోతుంది. ఇబ్బంది వేరే ఉంది. బీసీసీ ఉత్తరంలో ‘ఇక వద్దు’ అనే మీట ఉండదు. వద్దనుకున్న పాఠకుడికి దొరికేది స్పామ్ మీట ఒక్కటే. పైగా ఏదో ఒక నెల చేయిజారి 210 చిరునామాలూ ‘టు’ గడిలో పడ్డాయంటే అందరి ఈమెయిళ్లూ అందరికీ తెలిసిపోతాయి, దాన్ని వెనక్కి తీసుకోలేం.

న్యూస్‌లెటర్ సర్వీసు ఏదైనా ఫర్వాలేదు, పంపే చిరునామా మాత్రం మీ సొంత డొమైన్‌ది (మీరు కొనుక్కున్న వెబ్ పేరుది) కావాలి. జీమెయిల్ చిరునామా పెట్టి వేరే సర్వీసు సర్వర్ నుంచి పంపితే, ‘ఇది జీమెయిల్ నుంచి వచ్చింది కాదు’ అని అవతలి సర్వర్ పట్టేస్తుంది. సొంత డొమైన్‌కు మూడు రికార్డులు పెట్టాలి: ఎస్పీఎఫ్ (మీ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పేది), డీకిమ్ (ఉత్తరానికి డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ తనిఖీలు తప్పితే ఏం చేయాలో చెప్పేది). డొమైన్ కొన్నచోటే డీఎన్ఎస్ (డొమైన్ అమరికల) పేజీలో, సర్వీసువాళ్లు ఇచ్చిన వరుసలు ఉన్నవున్నట్టు అతికిస్తే సరి. ఎక్కువమంది తప్పు చేసేది ఎస్పీఎఫ్ దగ్గర. ఒక డొమైన్‌కు ఎస్పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. ముందే ఒకటుంటే రెండోది చేర్చకూడదు, ఉన్నదాని లోపలే కొత్త సర్వీసు పేరు కలపాలి. రెండుంటే రెండూ చెల్లవు. డీమార్క్‌ను మొదట ‘నన్’ (ఏ చర్యా వద్దు అనే) విధానంతో పెట్టి, నెల రోజులు అంతా సవ్యంగా నడిచాక గట్టి చేయండి.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ నియమాలు బిగించాయి. రోజుకు 5,000కు పైగా జీమెయిల్ ఖాతాలకు పంపేవాళ్లకు మూడు రికార్డులూ, ఒక్క నొక్కుతో చందా మానే మీటా తప్పనిసరి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. మీది చిన్న జాబితా కాబట్టి అన్నీ వర్తించవు, కానీ లెక్క వేసి చూడండి: 210 మందిలో ఒక్కరు స్పామ్ నొక్కినా అది దాదాపు 0.5 శాతం. పైన సమ్మతి గురించి చెప్పింది అందుకే అంత ముఖ్యం.

అను ఫాంట్ల మ్యాటర్‌ను యథాతథంగా అతికిస్తే పాఠకుడికి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన చెత్త కనిపిస్తుంది. అది యూనికోడ్ (ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు కదా. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చండి, మార్చాక ఒక మనిషి కూర్చుని మొత్తం చదవాలి. ముఖ్యంగా వత్తులు, పొల్లు అక్షరాలు, కొటేషన్ గుర్తులు, అంకెలు చూసుకోండి. అచ్చుకు పేజీలు కట్టేటప్పుడు పేజీమేకర్‌లో చేసిన దిద్దుబాట్లు మొదటి ఫైల్లో ఉండవు, కాబట్టి ఆఖరి ప్రూఫ్ నుంచే తీసుకోవాలి.

సైజు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఉత్తరం కోడ్ 102 కేబీ దాటితే జీమెయిల్ అక్కడికి కోసేసి, మిగతాది చూడాలంటే లింకు నొక్కమంటుంది. అడుగున ఉండే ‘చందా మానండి’ లింకు కూడా ఆ కోతలోనే పోతుంది. తెలుగుకు ఈ హద్దు తొందరగా వస్తుంది. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. ‘లక్ష్మి’ కంటికి రెండక్షరాలే, లోపల మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని 7 గుర్తులు, అంటే 21 బైట్లు. కొన్ని ఎడిటర్లు తెలుగును అంకెల కోడ్‌గా మార్చి దాచుకుంటాయి. అప్పుడు గుర్తుకు 7 బైట్ల లెక్కన అదే మాట 49 బైట్లవుతుంది. వర్డ్ నుంచి నేరుగా అతికిస్తే ప్రతి పేరాకూ దాని స్టైల్ కోడ్ కూడా వెంట వస్తుంది. మ్యాటర్‌ను ముందు నోట్‌ప్యాడ్‌లో అతికించి, అక్కడి నుంచి తీసి ఎడిటర్‌లో పెడితే ఆ బరువు పోతుంది.

మండలి, సురన్న లాంటి ఫాంట్లు పెట్టి అందంగా చేద్దామనుకోవద్దు. జీమెయిల్ బయటి ఫాంట్లు తీసుకోదు, పాఠకుడి ఫోన్లో ఉన్న తెలుగు ఫాంటే కనిపిస్తుంది. అక్షరం సైజు 17 లేదా 18, వరుసల మధ్య ఎడం 1.6 రెట్లు పెట్టండి. అంతకంటే తగ్గితే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. వాలు అక్షరాలు, అక్షరాల మధ్య అదనపు ఎడం తెలుగుకు పనికిరావు.

పోస్టర్ బొమ్మ ఒక్కటే పెట్టి పంపడం మాత్రం వద్దే వద్దు. బొమ్మలు ఆపుకున్న ఫోన్లో ఖాళీ గడి కనిపిస్తుంది, చూపులేని పాఠకులకు ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. తేదీ, వేళ, స్థలం అక్షరాల్లో కూడా రాయండి. మొదటి ఉత్తరాన్ని ముందు మీకే పంపుకుని, కంప్యూటర్‌లో మూడు చుక్కల మెనూ నుంచి ‘షో ఒరిజినల్’ తెరవండి. ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా ‘పాస్’ ఉంటేనే మిగతావాళ్లకు పంపండి.

పుత్తూరు పాఠకురాలు

పంపే దారి సరే, లోపల ఏం రాస్తారు? 11 మంది రచయితల వార్తలు 11 పేరాలుగా పేరిస్తే అది సంఘం నోటీసు అవుతుంది, ఉత్తరం కాదు. నెలకు ఒక రచయితను, ఒక విషయాన్ని ముందు పెట్టండి. మిగతావి కింద ఒక్కో వాక్యం చాలు. మొత్తం 350, 400 మాటలు. సబ్జెక్టులో ‘జనవరి సంచిక’ అని రాయొద్దు. ఫోన్లో తెలుగు అక్షరాలు పాతికో ముప్పయ్యో కనిపించి తెగిపోతాయి, కాబట్టి అసలు కబురు మొదటి మూడు మాటల్లో ఉండాలి. ‘కొత్త కథల సంపుటి వచ్చింది, 160 పేజీలు’ అంటే చాలు.

పుస్తకం కబురు రాసేటప్పుడు వెల, పేజీలు, తపాలా ఖర్చు, దొరికే చోటు నాలుగూ ఒకేచోట ఉండాలి. యూపీఐకి క్యూఆర్ ఒక్కటే పెడుతుంటారు. ఉత్తరం చదివేది ఫోన్లో, అదే ఫోన్ కెమెరాతో దాన్ని స్కాన్ చేసేదెలా? యూపీఐ ఐడీని అక్షరాల్లో కూడా రాయండి. తపాలాకు 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ (పుస్తకాలకు తపాలా శాఖ చౌక సేవ) ఉంది: 300 గ్రాముల వరకు ₹20, 5 కిలోల వరకు ₹100, పన్ను అదనం. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితం మీద 160 పేజీల డెమీ సైజు పుస్తకం అట్టతో కలిపి 200 గ్రాముల చుట్టూ తూగుతుంది, ప్యాకింగ్ వేసినా 300 దాటదు.

ఇక చాలామంది రచయితలు దెబ్బతినే చోటు ఇది. పత్రికలకూ పోటీలకూ కథ పంపేటప్పుడు, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదని హామీపత్రం రాసిస్తాం. సోషల్ మీడియాలో కూడా రాలేదని రాయమనేవాళ్లున్నారు. మీ ఉత్తరంలో కథ మొత్తం పెట్టేస్తే ఆ హామీ చెల్లదు. పత్రికలో వచ్చాక, వాళ్ల అనుమతితో 150, 200 మాటలే ఇవ్వండి. ఉత్కంఠ కోసం వాక్యం మధ్యలో తెంచకుండా ఒక సన్నివేశం పూర్తయ్యే దాకా ఇవ్వండి, చదివినవాళ్లకు రచయిత చేయి తెలుస్తుంది.

సంపుటికి మూడు ఉత్తరాలు సరిపోతాయి. మూడు వారాల ముందు ముఖచిత్రంతో ఒకటి, పుస్తకం చేతికొచ్చిన రోజు ఒకటి, రెండు వారాల తర్వాత పాఠకుల మాటలతో ఒకటి. పాఠకుల మాటలు వాళ్లను అడిగే వేయాలి, వాట్సాప్‌లో మెచ్చుకున్నంత మాత్రాన అచ్చు వేయమన్నట్టు కాదు. తిరుపతిలో సభ తేదీ వేసేముందు పంచాంగం చూసుకోండి. బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు గరుడసేవ, మే నెలలో గంగజాతర వారం, వైకుంఠ ఏకాదశి. ఆ రోజుల్లో పలమనేరు నుంచి వచ్చేవాళ్లు బస్సు దిగి హాలు చేరేసరికి సభ అయిపోతుంది.

చదివారో లేదో తెలుసుకోవడానికి ‘ఓపెన్’ల శాతం నమ్మకండి. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో గోప్యత అమరిక పెట్టుకున్నవాళ్ల ఉత్తరాలు, మనిషి తెరవకపోయినా తెరిచినట్టే లెక్కకు వస్తున్నాయి. ప్రతి ఉత్తరం చివరా నిజంగా జవాబు కావాలనుకునే ప్రశ్న ఒకటి అడగండి. ఈ కథలో తల్లి చేసింది సబబేనా, ఇలాంటిది. వచ్చిన జవాబులు లెక్కపెట్టండి, ప్రతి జవాబుకూ ఆ రచయితే తిరిగి రాయాలి. నో రిప్లై చిరునామా నుంచి పంపే ఉత్తరం నా దృష్టిలో ఉత్తరమే కాదు.

శేషాచలం అక్షరం

మంచి మాట. దానికి ఒకటి చేరుస్తాను. సంపుటి చివరి పేజీలో చందా క్యూఆర్ అచ్చు వేయండి. అందులో సర్వీసువాళ్లిచ్చిన లింకు కాకుండా మీ సొంత డొమైన్ లింకే ఉండాలి. పుస్తకం గ్రంథాలయంలో ఇరవై ఏళ్లు ఉంటుంది, సర్వీసు అన్నేళ్లు ఉంటుందో లేదో. సొంత లింకైతే ఎప్పుడైనా కొత్త చోటికి మళ్లించుకోవచ్చు. అచ్చులో క్యూఆర్ కనీసం 2 సెంటీమీటర్ల చదరం, చుట్టూ తెల్ల అంచు. కింద అదే లింకు అక్షరాల్లో.

కుప్పం సరిహద్దు

ఒక సంగతి అందరూ మరిచినారు. మన జిల్లా పక్కనే హోసూరు, కృష్ణగిరి, వేలూరు, బెంగళూరు. ఆడ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమందో, కానీ శానామంది చదివింది తమిళమో కన్నడమో ఇంగ్లీషో. తెలుగు వింటే కళ్లు మెరుస్తాయి, లిపి మాత్రం రాదు. వాళ్లకీ ఉత్తరం పోవాలంటే ఆ నెల భాగాన్ని రచయిత గొంతుతోనే చదివి పెట్టండి. 4 నిమిషాలు చాలు. ఫ్యాన్ ఆపి, పరుపులుండే గదిలో, ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి పెట్టుకుని చదివితే ప, బ అక్షరాల కాడ గాలి కొట్టదు. మోనో, 64 కేబీపీఎస్ ఎంపీ3 చేస్తే 4 నిమిషాలకి 2 ఎంబీ లోపే. ఈమెయిల్‌కి జతచేయొద్దు, లింకు ఇవ్వండి. వాట్సాప్‌లో మాత్రం ఫైలే పంపండి. ఫారంలో ‘చదువుతారా, వింటారా?’ అని ఇంకో గడి చేర్చుకోండి.

కపిలతీర్థం దావ

ఫారంలో ఊరు, చదువుతారా వింటారా అనే గడులు రెండూ పెట్టేసినాం. డొమైన్ ఈ వారమే కొంటాం. అను ఫాంట్ల ఫైలు ఆఖరి ప్రూఫ్ నుంచి మారుస్తా ఉండాం, వత్తులు చూసేదానికి ఇద్దరు కూర్చున్నారు. మొదటి ఉత్తరం పంపేముందు ‘షో ఒరిజినల్’లో ఏమొచ్చిందో ఈడే రాస్తాం.