ఇంట్లో రాసే టెస్టులో పాప నా ముఖం చూసి జవాబు పెడుతోంది, ఏం చేయాలి?

మా పాపకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. నెలకోసారి లెక్కల అసెస్‌మెంట్ ఇంట్లోనే ట్యాబ్‌లో రాయాలి. 20 ప్రశ్నలు, 40 నిమిషాలు. పెట్టిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టంగానో తేలికగానో వచ్చే రకం టెస్ట్ ఇది. అంటే నేను ఒక్కటి అందించినా తర్వాతిది తన స్థాయి దాటి రావచ్చు. మొదటిసారి ఆ సంగతి తెలియక రెండు జవాబులు చెప్పేశాను. ఆ వెంటనే పెద్ద భాగహారాలు వచ్చాయి. పాపకి ఇంకా ఎక్కాలే పూర్తిగా రావు, ఏడ్చేసింది. తప్పు నాదే.

అప్పటి నుంచి నోరు విప్పట్లేదు. అయినా వేలు రెండో ఆప్షన్ దగ్గర ఆపి, నొక్కకుండా నా వైపు చూస్తుంది. నేను కదలకపోతే మెల్లగా మూడో దాని మీదికి జరుపుతుంది. నా ముఖంలో ఏం కనిపిస్తోందో గానీ చాలాసార్లు కరెక్టే పెడుతోంది.

వెనకాల కూర్చుని చూశాను, తల తిప్పి చూస్తోంది. పోయిన నెల పక్క గదిలోకి వెళ్లాను. ఐదో ప్రశ్న దగ్గర ఆగిపోయి పిలుస్తూనే ఉంది, టైమ్ అయ్యేసరికి 11 మాత్రమే చేసింది. "తప్పయినా పర్లేదమ్మా" అని ఎంత చెప్పినా టెన్షన్ తగ్గట్లేదు. టీచర్‌ని అడిగితే సాయం చేయొద్దన్నారు, అంతే. విచిత్రం ఏంటంటే, అలాంటి లెక్కలే కాగితం మీద ఇస్తే ఒక్కతే చేసుకుంటుంది.

తర్వాతి టెస్ట్ ఇంకో 10 రోజుల్లో ఉంది. నా వైపు చూడకుండా తనంతట తనే జవాబు నొక్కేలా ఈలోపు ఎలా అలవాటు చేయాలి?