డ్రాఫ్ట్‌లో కుర్రాణ్ణి ఎంచుకోవడానికి తెలుగులో ఏ మాట?

సభ్యులందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను, మీ సాయం కావాలి.

మేం పిట్స్‌బర్గ్‌లో ఉంటాం. ఇంటిల్లిపాదీ పైరేట్స్ బేస్‌బాల్ జట్టు అభిమానులం. ఏటా జులైలో మేజర్ లీగ్ జట్లు హైస్కూలు, కాలేజీ కుర్రాళ్ళను వరసగా ఒక్కొక్కరినీ తీసుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. 1965లో మొదలైంది, ఇప్పుడు 20 రౌండ్లు.

2023 జులై 9 రాత్రి మొదటి అవకాశం మాదే. లూసియానా స్టేట్ యూనివర్సిటీ పిచర్ (బంతి విసిరేవాడు) పాల్ స్కీన్స్ పేరు పిలవగానే మావాడు సోఫా మీంచి దూకేశాడు. మాతో కూర్చున్న పక్కింటి పెద్దాయన మాత్రం టోపీ తీసి మోకాలికి తగిలించుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకి అదే కాలేజీ బ్యాటర్ డిలన్ క్రూస్ కావాలి. పిచర్ మోచేయి ఎప్పుడు దెబ్బతింటుందో చెప్పలేం, రోజూ ఆడేవాణ్ణి తీసుకోవాలి అంటాడు. ఆ క్రూస్‌ని రెండో పేరుగా వాషింగ్టన్ పట్టుకుపోయింది.

ఆ సంబరంలోనే విజయనగరంలో అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుజాము. అంతా విని, "ఎంతకి పాడుకున్నారే?" అంది. ఐపీఎల్ వేలం చూసే మనిషి మరి. "పాట లేదమ్మా" అన్నాను గానీ, మరేముందో చెప్పడానికి మాట రాలేదు. ఇన్నాళ్ళయినా రావడం లేదు.

గుంటూరు నుంచి: డబ్బిచ్చే కదండీ తీసుకుంటారు? వేలం అంటే తప్పేముంది?

నా జవాబు: డబ్బుందండీ. స్కీన్స్ 92 లక్షల డాలర్లకు సంతకం చేశాడు. కానీ వేలంలో ఎవరు ఎక్కువ పాడితే వస్తువు వాళ్ళది. ఇక్కడ పేరు పిలిచిన జట్టు ఒక్కటే ఆ కుర్రాడితో బేరమాడాలి, ఇంకొకరు పైపాట పాడటానికి లేదు.

కడప నుంచి: అక్కా, మా పక్క చెడుగుడుకి జట్లు పంచుకునేటప్పుడు ఉద్దులు వేసుకుంటాం. సరిజోడు పిల్లలిద్దరు భుజాల మీద చేతులేసుకుని దూరంగా పోయి, గుట్టుగా పేర్లు పెట్టుకుని వస్తారు. "మల్లెపూవు కావాల్నా, మొగలిపూవు కావాల్నా?" అని అడుగుతారు. జట్టు పెద్ద ఒకటి కోరుకుంటాడు. మీది అదే కదా?

నా జవాబు: తమ్ముడూ, ఉద్దులు అన్న మాట చదివి చాలా సంతోషమేసింది. మా ఊళ్ళోనూ ఉండేది, మరిచేపోయాను. అయితే ఉద్ది అంటే సమానుడు, జోడు. ఇక్కడ జోడు లెక్క లేదు, ఉన్నవాళ్ళలో మేలైనవాణ్ణి ముందు లాక్కోవడమే. కానీ నువ్వు చివర్లో వాడిన "కోరుకుంటాడు" ఉందే, అది నాకు కావలసిన మాట.

వరంగల్ నుంచి: కోరుకునుడు మంచిగున్నది. మరి స్థానానికి "వంతు" అనొచ్చు కద? తొలి వంతు, రెండో వంతు.

నా జవాబు: నేనూ అదే అనుకున్నానండీ. ఇవాళ మేటి ఆటగాడైన మైక్ ట్రౌట్‌ని 2009లో ఏంజెల్స్ జట్టు తీసుకున్నది 25వ పేరుగా. "25వ వంతులో ట్రౌట్" అని రాసి చూశాను, పాతిక భాగాల్లో ఒక భాగం అన్నట్టుంది! పేరు పైకి పిలుస్తారు కాబట్టి "25వ పిలుపు" అంటే ఎలా ఉంటుంది?

గుంటూరు నుంచి: పిలుపు బాగుంది. అయినా పూవు పుట్టగానే పరిమళిస్తుంది అన్నారు. గొప్పవాడెవడో ముందే తెలిసిపోతుంటే మీ పక్కింటాయనకి అంత దిగులెందుకండీ?

నా జవాబు: ఆ సామెత ఇక్కడ సగమే పనిచేస్తుంది. తర్వాత మహా బ్యాటర్లయిన ఇద్దర్ని చూడండి. ఆల్బర్ట్ పుహోల్స్ 1999లో 402వ పిలుపు. మైక్ పియాజా 1988లో 62వ రౌండులో 1390వ పిలుపు. అన్నిసార్లూ అన్ని జట్లూ వాళ్ళను దాటుకుంటూ పోయాయి.

ఇంకో సంగతి చెబుతాను, నాకు తలుచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. 1992లో తొలి పిలుపు హ్యూస్టన్‌ది. వాళ్ళ స్కౌట్ (కుర్రాళ్ళ ఆట చూసి జట్టుకి చెప్పే మనిషి) హాల్ న్యూహౌజర్, తను స్వయంగా గొప్ప పిచర్, మిషిగన్‌లో ఒక హైస్కూలు కుర్రాణ్ణి చూసి వీణ్ణే తీసుకోండని పట్టుబట్టాడు. జట్టు ఫిల్ నెవిన్‌ని తీసుకుంది. న్యూహౌజర్ ఆ ఉద్యోగమే వదులుకున్నాడు. ఆ కుర్రాడే తర్వాత మహా ఆటగాడైన డెరెక్ జీటర్, 6వ పిలుపులో న్యూయార్క్ యాంకీస్ జట్టుకి వెళ్ళాడు. పరిమళం ఉంది, ఒకాయనకి అందింది కూడా. ఆయన మాట ఎవరూ వినలేదు.

మా పక్కింటాయన దిగులూ ఊరికే వచ్చింది కాదు. 2007లో 4వ పిలుపులో పైరేట్స్ డానియెల్ మాస్కోస్ అనే పిచర్‌ని తీసుకుంటే, వెనకే బాల్టిమోర్ మాట్ వీటర్స్‌ని తీసుకుంది. మాస్కోస్ రాణించలేదు, వీటర్స్ రాణించాడు. ఆ మంట ఇక్కడివాళ్ళకి ఇంకా ఆరలేదు. స్కీన్స్ 2024లో నేషనల్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడయ్యాక గానీ ఆయన మొహం విప్పారలేదు.

కడప నుంచి: అక్కా, కోరుకుంటే కుర్రోడు వచ్చి తీరాల్నా? రానంటే?

నా జవాబు: రానవసరం లేదు! గెరిట్ కోల్‌ని 2008లో యాంకీస్ 28వ పిలుపులో కోరుకుంది. కాదని కాలేజీకి వెళ్ళాడు. 2011లో తొలి పిలుపులో మా పైరేట్స్ కోరుకుంటే సరేనన్నాడు. అందుకే "కొన్నారు" కన్నా, "ఎంపిక చేశారు" కన్నా "కోరుకున్నారు" నాకు నచ్చింది. అవతలివాడి ఇష్టానికి అందులో చోటుంది.

ఇవాళ అమ్మకి మళ్ళీ చెప్పాను: "పాడుకోలేదమ్మా, కోరుకున్నారు."

"మరి ఆ పిల్లాడు ఒప్పుకున్నాడా?" అంది వెంటనే.