తడితేనే తిరుగుతున్న డ్రిల్ మెషీన్: కార్బన్లు మార్చడం నా వల్ల అవుతుందా?

కొత్తచేయి:
అందరికీ నమస్కారం. నా డ్రిల్ మెషీన్‌కి ఆరేడేళ్లు ఉంటాయి. వైరు ఉన్న రకం, హ్యామర్ మోడ్ ఉంది. నెల నుంచి దీనికో జబ్బు పట్టుకుంది. ట్రిగ్గర్ నొక్కితే ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు. అరచేత్తో పక్కన రెండు దెబ్బలు వేస్తే గుర్రుమని లేస్తుంది. లేచాక కూడా మధ్యలో ఆగిపోయి మళ్లీ అందుకుంటుంది. వెనక గాలి సందుల్లోంచి చూస్తే లోపల పసుపుపచ్చ రవ్వలు. కాలిన వాసన కూడా వస్తోంది. చూసినవాళ్లంతా "కార్బన్లు అయిపోయాయి, మార్చెయ్" అంటున్నారు. తిరిగే మోటారుకి కరెంటు అందించే ముక్కలట అవి. ఫ్యూజు వైరు వేయడం మినహా నేనెప్పుడూ ఏదీ విప్పలేదు. ఇది నా వల్ల అయ్యే పనేనా?

వైండింగ్ మేస్త్రి:
అవుతుంది. కార్బన్ల మీద అనుమానం కూడా సరైనదే, పసుపు రవ్వలు అన్నారు కాబట్టి. సన్నగా నీలంగా కనిపించే రవ్వలు ఏ డ్రిల్లులోనైనా ఉంటాయి, వాటికి భయపడక్కర్లేదు. పసుపుగా, తోక ఉన్నట్టు సాగితే మాత్రం కార్బన్ సరిగ్గా ఆనడం లేదని అర్థం.

కానీ విప్పే ముందు ఒక్క పని చేయండి. బిట్ తీసేసి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, పిడిలోకి వైరు దూరే చోట దాన్ని అటూ ఇటూ వంచి చూడండి. అప్పుడు ఆగుతూ తిరుగుతూ ఉంటే లోపం కార్బన్లలో లేదు, వైరు లోపల తెగింది. నా దగ్గరికి "కార్బన్లు పోయాయి" అని వచ్చే మెషీన్లలో వైరు తెగినవే బోలెడు. వైరు పైతొడుగు చీలి ఉంటే ఈ పరీక్ష చేయకండి, ముందు వైరే మార్చాలి.

కొత్తచేయి:
వంచి చూశాను మేస్త్రి గారూ, వైరుతో ఏ తేడా లేదు. తడితేనే తేడా.

షార్ట్‌కట్:
బ్రదర్, ఇంత టెన్షన్ ఎందుకు? కార్బన్ వెనక చిన్న అట్టముక్క పెట్టి స్ప్రింగ్ బిగువు పెంచు. లోపల రాగి నల్లబడితే ఎమెరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దు. పైన తుప్పు వదిలించే స్ప్రే కొట్టెయ్. నాది రెండేళ్లుగా అలాగే నడుస్తోంది.

వైండింగ్ మేస్త్రి:
అన్నా, మీది నడుస్తోందంటే ఆ మెషీన్ గొప్పదనమే. మిగతావాళ్లు ఈ మూడూ చేయకండి. బిగువు పెరిగితే కార్బన్ త్వరగా అరుగుతుంది, రాగి కూడా వేడెక్కుతుంది. ఎమెరీ పొడిలో కరెంటు పారే రేణువులు ఉంటాయి, అవి రాగి పట్టీల మధ్య సందుల్లో ఇరుక్కుంటే షార్టే. ఇక స్ప్రేలోని నూనె కార్బన్ పొడితో కలిస్తే నల్లటి ముద్దవుతుంది. కార్బన్ జారాల్సిన గూట్లోకి ఆ ముద్ద చేరిందంటే మనకు మనమే జబ్బు అంటించుకున్నట్టు.

కొత్తచేయి గారూ, లోపల ఏముంటుందో ముందు తెలుసుకోండి, విప్పాక కంగారు ఉండదు. తిరిగే భాగం ఆర్మేచర్. దాని ఒక చివర రాగి పట్టీలు వరసగా పేర్చిన గుండ్రటి దిమ్మె ఉంటుంది, అది కమ్యుటేటర్. అటొకటి ఇటొకటి రెండు కార్బన్ ముక్కలు ఇత్తడి గూళ్లలో కూర్చుని, స్ప్రింగు తోపుతో దాన్ని ఆనుకుని ఉంటాయి. కరెంటు ఒక కార్బన్‌లోంచి ఆర్మేచర్‌లోకి వెళ్లి రెండో దాంట్లోంచి బయటికి వస్తుంది. రెండిట్లో ఏది ఆనకపోయినా మోటారు ఆగిపోతుంది. రాగి అరగకూడదు కాబట్టి కార్బన్‌ని మెత్తగా చేస్తారు. అరగడం దాని ఉద్యోగం.

చెక్కపని:
మెషీన్ రెండు పక్కలా నాణెమంత గుండ్రటి నల్ల మూతలు, మీద గాడి ఉందేమో చూడండి. ఉంటే మీరు అదృష్టవంతులు. వెడల్పు స్క్రూడ్రైవర్‌తో మూత తిప్పితే కార్బన్ స్ప్రింగుతో సహా బయటికి వస్తుంది. పది నిమిషాల పని.

కొత్తచేయి:
మూతల్లేవు. బాడీ మొత్తం రెండు చెక్కలుగా మరలతో బిగించి ఉంది.

చెక్కపని:
అయితే ప్లగ్ పీకి, బల్ల మీద మరలు పైకి వచ్చేలా పడుకోబెట్టండి. స్విచ్ ఆఫ్ చేశాను కదా అనుకోవద్దు, ప్లగ్ కళ్లెదుట కనిపించాలి. పక్క పిడి తీసేయండి. మరలు అన్నీ ఒకే పొడవు ఉండవు. అందుకని ఒక అట్ట మీద మెషీన్ బొమ్మ గీసి, ఏ మర ఏ చోటుదో అక్కడే గుచ్చండి. అన్నీ తీసినా చెక్క లేవకపోతే స్టిక్కర్ కింద వేలితో తడమండి, అక్కడొక మర దాక్కుంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించకండి. పై చెక్కను నెమ్మదిగా నిటారుగా లేపండి. ముందుకీ వెనక్కీ తిప్పే మీట పిల్లిలాంటిది, ఎటు దూకుతుందో తెలియదు. లేపగానే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి. గేర్ల దగ్గర గ్రీజు ముట్టకండి. చేతికి అంటితే తుడుచుకున్నాకే కార్బన్ పట్టుకోండి.

కొత్తచేయి:
విప్పేశాను! స్టిక్కర్ కింద మర నిజంగానే ఉంది, చెప్పకపోతే బాడీ పగలగొట్టేవాణ్ని. రెండు కార్బన్లూ తీశాను. స్కేలు పెట్టి కొలిస్తే ఒకటి 5 మి.మీ., రెండోది 11 మి.మీ. పొట్టిదాని ముఖం నున్నగా అద్దంలా ఉంది. పొడుగుదాని ముఖం గుంటలు పడి, అంచు కాలినట్టుంది, పక్కన గీతలు. పొట్టిది ఇట్టే వచ్చేసింది. పొడుగుదాన్ని మాత్రం శ్రావణంతో లాగాల్సి వచ్చింది. మొత్తానికి పొట్టిదే దొంగ, దాన్ని ఒక్కదాన్ని మారిస్తే చాలు కదా?

వైండింగ్ మేస్త్రి:
దొంగ పొట్టిది కాదు, పొడుగుది. మీరు రాసిన దాంట్లోనే ఉంది జవాబు: శ్రావణంతో లాగాల్సి వచ్చిందన్నారు. అది గూట్లో ఇరుక్కుపోయింది. స్ప్రింగు తోస్తున్నా ముందుకు రావడం లేదు. అందుకే అరగలేదు. రాగికి అంటీ అంటకుండా నిలబడి, ఆ సన్నటి ఖాళీలో రవ్వలు ఎగిరి ముఖం కాలింది. మీరు చేత్తో తడితే కొంచెం జరిగి అంటుకునేది, మెషీన్ లేచేది. పొట్టిది మాత్రం తన పని తాను చేసుకుంటూ ఆరేడేళ్లలో న్యాయంగా అరిగింది.

అయినా రెండూ కలిపే మార్చాలి. చాలా డ్రిల్లుల్లో 5, 6 మి.మీ.కి వచ్చిందంటే కార్బన్ వయసు అయిపోయినట్టే. అంతకన్నా అరిగితే స్ప్రింగు తోపు తగ్గిపోతుంది, వెనకున్న రాగి తీగ వెళ్లి కమ్యుటేటర్‌ని గీకే ప్రమాదం కూడా ఉంది. కొన్నిటిలో కార్బన్ లోపల చిన్న ప్లాస్టిక్ ముల్లు పెడతారు. అరుగుదల అక్కడికి రాగానే ముల్లు ముందుకు పొడుచుకొచ్చి కార్బన్‌ని రాగి నుంచి ఎత్తేస్తుంది, మెషీన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. అదైతే తట్టినా లేవదు.

అసలు పని ఆ గూట్లో ఉంది. అది శుభ్రం చేయకుండా కొత్త కార్బన్ వేస్తే అదీ ఇరుక్కుంటుంది. గుడ్డ చుట్టిన అగ్గిపుల్లతో లోపల నల్ల ముద్ద అంతా తీయండి. స్పిరిట్‌తో తడిపితే త్వరగా వదులుతుంది. ఇత్తడి ఎక్కడైనా లోపలికి నొక్కుకుపోయిందేమో చూడండి. స్ప్రింగు నీలం రంగుకి తిరిగితే వేడికి బిగువు పోయిందని లెక్క, అదీ మార్చాలి. పొడి బ్రష్‌తో దులిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ పొడి పీల్చకూడదు.

మీటరు మనిషి:
బిగించే ముందు మల్టీమీటర్‌తో ప్లగ్ పిన్నుల మధ్య చూడండి. ట్రిగ్గర్ నొక్కితే రీడింగ్ రావాలి, రాకపోతే స్విచ్ పోయినట్టే.

వైండింగ్ మేస్త్రి:
నొక్కేకొద్దీ వేగం పెరిగే స్విచ్ అయితే ఆ పరీక్షని నమ్మొద్దు. లోపల ట్రయాక్ అనే, కరెంటుని అదుపు చేసే చిన్న ఎలక్ట్రానిక్ ముక్క ఉంటుంది, మీటరు ఇచ్చే చిన్న కరెంటుకి అది తెరుచుకోదు. మంచి స్విచ్ కూడా పోయినట్టే చూపిస్తుంది. మీటరు ఉంటే కమ్యుటేటర్ మీద వాడండి. పక్కపక్క రాగి పట్టీల మీద రెండు ముళ్లు పెట్టి చుట్టూ వరసగా కొలవండి. ఎంత వచ్చిందన్నది కాదు, అన్ని చోట్లా ఒకేలా వచ్చిందా అన్నది ముఖ్యం. ఒక చోట బాగా ఎక్కువ వచ్చినా, దాదాపు సున్నా వచ్చినా ఆర్మేచర్ దెబ్బతింది. అప్పుడు కార్బన్లకి డబ్బు తగలేయొద్దు.

కొత్తచేయి:
కొలిచాను, అన్నీ ఒకేలా వచ్చాయి. రాగి కొంచెం కాఫీ పొడి రంగులో ఉంది. రెండు పట్టీల మీద మాత్రం నల్లటి మసి. రుద్దాలా?

వైండింగ్ మేస్త్రి:
ఆ గోధుమ రంగు పొర ఉండాల్సిందే, తీయకండి. కార్బన్ నున్నగా జారేది దాని మీదే. మసి ఉన్నచోట స్పిరిట్ గుడ్డతో తుడవండి. వదలకపోతే 600 నంబరు శాండ్ పేపర్ సన్నటి పట్టీగా కత్తిరించి, ఆర్మేచర్‌ని చేత్తో తిప్పుతూ మెల్లగా ఆనించండి. తర్వాత పట్టీల మధ్య సందుల్ని టూత్‌పిక్‌తో గీకి శుభ్రం చేయండి.

కొత్తచేయి:
పాత కార్బన్ జేబులో వేసుకెళ్లి, పక్కన పెట్టి చూసి తెచ్చాను. కానీ గూట్లోకి పోవడం లేదు, వెంట్రుకవాసి లావుగా ఉంది. సుత్తితో చిన్నగా కొట్టి దించనా?

చెక్కపని:
వద్దు బాబోయ్! పాతది ఇరుక్కుని చచ్చింది, కొత్తదాన్ని మీరే ఇరికిస్తారా?

వైండింగ్ మేస్త్రి:
లావుగా ఉండడం మంచిదే, తగ్గించుకోవచ్చు. సన్నగా ఉంటే ఏమీ చేయలేం, గూట్లో కటకటలాడుతుంది. అద్దం ముక్క మీద శాండ్ పేపర్ పరిచి, కార్బన్ పక్కని దాని మీద ఆనించి, ఒకే దిశలో నాలుగైదు సార్లు లాగండి. మళ్లీ గూట్లో పెట్టి చూడండి. స్ప్రింగు లేకుండా మెషీన్‌ని వంచితే కార్బన్ తన బరువుకి తానే జారిపడాలి. అంతవరకే. రాగికి ఆనే వంపు ముఖాన్ని మాత్రం ముట్టుకోకండి.

దించేటప్పుడు వంపు కమ్యుటేటర్ వంపుతో కలిసేలా పెట్టండి. అడ్డంగా పెడితే మూలలే ఆనుతాయి. స్ప్రింగుని వేలితో పట్టి నెమ్మదిగా దించండి, టప్పున వదిలితే కార్బన్ అంచు విరుగుతుంది. వెనక రాగి తీగ గూటి గాడిలోనే ఉండాలి, కార్బన్ ముందుకు జరిగేకొద్దీ దాంతో పాటు సాగాలి. బాడీ చెక్కల మధ్య నలిగిందంటే రేపు ఇదే జబ్బు మళ్లీ.

కొత్తచేయి:
అన్నీ బిగించాను. కానీ ట్రిగ్గర్ లోపలికి పోవడం లేదు! రాయిలా ఉంది. ఏం పాడు చేశానో ఏమో.

చెక్కపని:
ఏమీ పాడవలేదు. ముందుకీ వెనక్కీ తిప్పే మీట సగంలో ఆగి ఉంటుంది. ఒక పక్కకి పూర్తిగా జరపండి. అప్పటికీ పోకపోతే విప్పి, మీట కొమ్ము స్విచ్ మీది గాట్లో కూర్చుందో లేదో ఫొటోతో పోల్చుకోండి.

కొత్తచేయి:
కొమ్ము గాట్లో లేదు, పక్కన కూర్చుంది. మళ్లీ విప్పి సరిచేశాను. ఇప్పుడు తట్టకుండానే లేస్తోంది! రవ్వలు మాత్రం ఇంకా ఉన్నాయి, మునుపటంత కాదు. ఇప్పుడే కాంక్రీటుకి పెట్టొచ్చా?

వైండింగ్ మేస్త్రి:
ఆగండి. కొత్త కార్బన్ ముఖం మొత్తం ఇంకా రాగికి ఆనలేదు, అందుకే ఆ రవ్వలు. బిట్ లేకుండా సగం వేగంలో 5 నుంచి 10 నిమిషాలు ఊరికే తిరగనివ్వండి. మధ్యలో పూర్తిగా ఆగాక దిశ మార్చి కాసేపు తిప్పండి. రవ్వలు తగ్గుతూ రావాలి. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు ఉంగరంలా తిరిగితే మాత్రం వెంటనే ఆపేయండి.

ఇంకో మాట. మీరు స్లాబుకి కిందనుంచి రంధ్రాలు వేస్తుంటారా? ఆ దుమ్మంతా గాలి సందుల్లోంచి నేరుగా లోపలికి పడుతుంది. గూట్లో ఇరుక్కున్న ముద్దలో సగం అదే అయ్యుండాలి.

కొత్తచేయి:
ఎలా కనిపెట్టారు! పోయినసారి ఫాల్స్ సీలింగ్‌కి ముప్పై దాకా వేశాను. ఇప్పుడు పది నిమిషాలు తిప్పాను, సన్నటి నీలం రవ్వలే మిగిలాయి. వాసన లేదు.

చెక్కపని:
పాత ప్లాస్టిక్ కప్పుకి అడుగున బెజ్జం చేసి, బిట్‌కి తొడిగి వాడండి. దుమ్ము కప్పులోనే పడుతుంది.

ఆలస్యంగా వచ్చా:
నాది బ్యాటరీ డ్రిల్లు, ఇలాగే ఆగి ఆగి తిరుగుతోంది. దానికీ కార్బన్లు మార్చొచ్చా?

వైండింగ్ మేస్త్రి:
బాడీ మీద బ్రష్‌లెస్ అని ఉంటే అందులో కార్బన్లే ఉండవు. బ్యాటరీ కాంటాక్టులు, స్విచ్ చూపించండి. ఆ మాట లేకపోతే కార్బన్లు ఉన్నట్టే, కానీ చిన్న మెషీన్లలో మోటారు డబ్బాలా మూసేసి ఉంటుంది. దాన్ని విప్పి కార్బన్ వేయడం కన్నా మోటారు మొత్తం మార్చడమే తేలిక. ముందు వేరే బ్యాటరీ పెట్టి చూశారా?