గేమింగ్‌కే కట్టే పీసీకి 360 ఏఐఓ లిక్విడ్ కూలర్ అవసరమా, ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టాలా?

కొత్తబిల్డ్:
అందరికీ నమస్తే. బిల్డ్ దాదాపు ఫైనల్ అయింది, కూలర్ దగ్గరే ఆగిపోయా. ప్రాసెసర్ రైజెన్ 7 7800ఎక్స్3డి, ర్యామ్ డీడీఆర్5 6000 32 జీబీ, మానిటర్ 1440పీ. గేమింగ్ తప్ప వేరే పనేం లేదు, రెండరింగ్ లాంటివి అసలే లేవు. ఉన్న బడ్జెట్‌లో రెండే దార్లు కనిపిస్తున్నాయి. 360 ఎంఎం ఏఐఓ (పంప్, నీళ్ళు, రేడియేటర్ అన్నీ ఒకే యూనిట్‌గా వచ్చే లిక్విడ్ కూలర్) తీసుకుంటే 12 జీబీ గ్రాఫిక్స్ కార్డుతో సరిపెట్టుకోవాలి, డ్యూయల్ టవర్ ఎయిర్ కూలర్ తీసుకుంటే ఒక మెట్టు పైనున్న 16 జీబీ కార్డు వస్తుంది. ఫ్రెండ్స్ అందరూ ఎక్స్3డి చిప్పులు (అదనపు క్యాష్ ఉన్న ప్రాసెసర్లు) మామూలుగానే వేడి, లిక్విడ్ లేకపోతే కష్టం అంటున్నారు. పైగా నా రూమ్‌లో ఏసీ లేదు, ఎండాకాలం బాగా ఉక్కగా ఉంటుంది. ఏది కరెక్టో కారణాలతో చెప్పండి ప్లీజ్.

హీట్‌పైప్:
ఎయిర్ కూలర్, 16 జీబీ కార్డు. ఇందులో ఆలోచించడానికేం లేదు బ్రో.

ఎక్స్3డి వేడి అన్నమాట ఎక్కడినుంచి వచ్చిందో ముందు చూద్దాం. 7800ఎక్స్3డి టీడీపీ (కూలర్ ఎంచుకోవడానికి కంపెనీ చెప్పే వేడి అంకె) 120 వాట్లు, సాకెట్ పవర్ లిమిట్ 162 వాట్లు, ఈ అంకెలు చూసి జనం భయపడతారు. కానీ గేమ్‌లో అది లాగేది ఆ 162లో సగం కూడా ఉండదు, చాలా గేముల్లో 80 వాట్లు దాటదు. మరి అంత తక్కువ కరెంటుకి టెంపరేచర్ ఎందుకెక్కుతుందంటే, కోర్లు ఉన్న ఆ సిలికాన్ ముక్క చాలా చిన్నది, ఓ 70 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది, దాని నెత్తి మీద అదనపు క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) పొర పేర్చారు, ఆ పైన పాత ఏఎం4 సాకెట్ కూలర్లు కొత్త ఏఎం5 సాకెట్‌కి కూడా పట్టాలని మందంగా చేసిన మెటల్ మూత. కోర్‌లో పుట్టిన వేడి ఇవన్నీ దాటుకుని వస్తేగానీ కూలర్‌ని తాకదు. అడ్డంకి కూలర్ కన్నా ముందే ఉందన్నమాట. పైన ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా లోపలి ఆ అడ్డంకి అలాగే ఉంటుంది, మహా అయితే నాలుగైదు డిగ్రీలు తగ్గుతాయి.

సరే తగ్గాయనుకుందాం, దాంతో మనకొచ్చేదేంటి? ఈ చిప్ లిమిట్ 89 డిగ్రీలు, మంచి ఎయిర్ కూలర్‌తో గేమింగ్‌లో దాని దరిదాపులకి కూడా పోదు. బూస్ట్ 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, మల్టిప్లయర్ లాక్ చేసి ఉంటుంది కాబట్టి దాంతో మనం స్పీడు పెంచలేం. అంటే 65 డిగ్రీల్లో నడిచినా 75లో నడిచినా ఫ్రేములు అవే. అదే డబ్బు కార్డులో పడితే 1440పీలో ప్రతి గేమ్‌లో తేడా కళ్ళకి కనిపిస్తుంది, 16 జీబీ వీర్యామ్ (కార్డు మీది మెమరీ) ఉంటే టెక్స్‌చర్లు తగ్గించుకునే పరిస్థితి కూడా రాదు.

పంప్‌హెడ్:
హీట్‌పైప్ గారూ, ప్రాసెసర్ ఒక్కదాన్నే బల్ల మీద పెట్టి లెక్క చెప్పారు. కేస్‌లో అది ఒంటరిగా ఉండదు కదా. ఆయన తీసుకునే కార్డు 220 నుంచి 300 వాట్లు తాగే రకం, ఆ వేడంతా కేస్ లోపలే వదులుతుంది, సరిగ్గా దాని పైనే మీ టవర్ కూలర్ కూర్చుని ఆ వేడి గాలినే పీలుస్తుంది. ఓపెన్ బెంచ్ మీద చేసిన టెస్టుల్లో ఎయిర్ కూలర్ బాగా కనిపించడానికి కారణం ఇదే. ఏఐఓ రేడియేటర్‌ని ముందుపక్క పెడితే బయటి చల్లటి గాలి నేరుగా దానికే అందుతుంది, కార్డు ఎంత వేడి కక్కినా ప్రాసెసర్‌కి సంబంధం లేదు.

ఇంకోటి సౌండ్. గేమ్ లోడ్ అయ్యేటప్పుడు, షేడర్లు (గ్రాఫిక్స్‌కి వాడే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అయ్యేటప్పుడు ప్రాసెసర్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఎయిర్ కూలర్ ఫ్యాన్ వెంటనే గీ అని లేచి మళ్ళీ పడిపోతుంది, మళ్ళీ లేస్తుంది. ఏఐఓలో నీళ్ళు ఉంటాయి కాబట్టి అది వేడెక్కడానికే టైమ్ పడుతుంది, ఫ్యాన్ కర్వ్‌ని (ఎంత వేడికి ఫ్యాన్ ఎంత స్పీడు అనే సెట్టింగ్) కోర్ టెంపరేచర్‌కి కాకుండా కూలెంట్ టెంపరేచర్‌కి కట్టేస్తే ఫ్యాన్లు గంటలకొద్దీ ఒకే స్పీడులో తిరుగుతాయి. ఒకసారి ఆ స్థిరమైన సౌండ్‌కి అలవాటు పడ్డాక వెనక్కి పోలేం. సౌండ్ కూడా పెర్ఫార్మెన్సే అని నేను గట్టిగా నమ్ముతా.

హీట్‌పైప్:
రేడియేటర్ ముందు పెడితే ప్రాసెసర్‌కి చల్లగాలి వస్తుంది, ఒప్పుకుంటా. మరి ఆ రేడియేటర్ దాటి లోపలికి వచ్చే వేడి గాలి ఎవరికి పోతుంది? కార్డుకే కదా. గేమింగ్ పీసీలో 300 వాట్ల పార్టుకి వేడి గాలి ఇచ్చి 70 వాట్ల పార్టుకి చల్లగాలి ఇవ్వడం నాకైతే తలకిందులుగా ఉంది. పైన పెడితే మళ్ళీ కార్డు వదిలిన వేడే రేడియేటర్‌లోంచి బయటికి పోవాలి, మీరు ఎయిర్ కూలర్‌కి చెప్పిన సమస్యే అక్కడా. ఏ మూల పెట్టినా ఎవరో ఒకరు వేడి గాలి తినాల్సిందే, ఎవరు తింటే నష్టం తక్కువ అన్నదే ప్రశ్న, గేమింగ్‌లో ఆ జవాబు ప్రాసెసరే.

ఫ్యాన్ లేచి పడడం గురించి, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూ) స్టెప్ అప్, స్టెప్ డౌన్ టైమ్ అని ఉంటుంది, ఒక్కో బోర్డులో స్మూతింగ్ అని రాసుంటుంది. దాన్ని కొన్ని సెకన్లకి పెంచి, 70 డిగ్రీల దాకా కర్వ్‌ని దాదాపు ఫ్లాట్‌గా ఉంచితే ఆ గోల పోతుంది. దానికి డబ్బు పెట్టక్కర్లేదు.

ఆయుష్షు మాట కూడా చెప్పాలి. ఏఐఓలో తిరిగే పంప్ ఉంటుంది, రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ళ తరబడి నీరు సన్నగా ఆవిరైపోతూనే ఉంటుంది, సీల్ చేసిన లూప్ కాబట్టి చాలా మోడళ్ళలో మళ్ళీ నింపుకునే వీలుండదు. పంప్ ఆగిందంటే నిమిషాల్లో ప్రాసెసర్ లిమిట్‌కి పోతుంది, మొత్తం యూనిట్ మార్చాల్సిందే. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, అది ఏ 120 ఎంఎం ఫ్యాన్ అయినా క్లిప్ పెట్టి తగిలించేయొచ్చు. హీట్ పైపుల్లో కూడా కాస్త నీరే ఉంటుంది, వేడికి ఆవిరై పైకి పోయి ఫిన్స్ (పలచటి రేకులు) దగ్గర చల్లబడి లోపలి వత్తి లాంటి పొర గుండా వెనక్కి వస్తుంది, కానీ రాగి గొట్టం కాబట్టి అది ఎటూ పోదు, తిప్పడానికి మోటారూ అక్కర్లేదు.

రెండర్‌బాక్స్:
అన్నా, ఏఐఓ దండగ అని మొత్తానికే కొట్టిపారేయొద్దు. నా దగ్గర ఉన్నది ఐ9 14900కె, రాత్రంతా రెండర్ నడుస్తది, 253 వాట్లు గంటలు గంటలు ఆగకుంట గుంజుతది. దాని మీద పెద్ద టవర్ కూలర్ పెట్టినా 100 డిగ్రీలు తాకి క్లాక్ పడిపోతుండె, 360 పెట్టినంక నిలబడ్డది. అక్కడ ఏఐఓ కావాలె, దాంట్ల రెండో మాట లేదు.

కానీ చల్లగ ఉంటే చిప్ సేఫ్ అనుకునుడు కూడ తప్పే. 13, 14 జనరేషన్ చిప్పులు ఎక్కువ వోల్టేజ్ వల్ల దెబ్బతింటున్నయని 2024ల ఇంటెలే చెప్పింది, ఆగస్టుల మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ రెండేండ్లు పెంచింది. ఎంత మంచి కూలర్ ఉన్నా ఆ సమస్య పోలే, బయోస్ అప్‌డేట్ చేసుకుంటేనే కొత్తగ దెబ్బతినుడు ఆగింది.

తమ్ముడు కొనేది అట్లాంటి చిప్ కాదు గదా. గేమింగ్‌కే అయితే నేను కూడ ఎయిర్ అనే చెప్త.

పంప్‌హెడ్:
రెండర్‌బాక్స్ అన్నతో ఏకీభవిస్తా, కానీ గేమింగ్ అంటే ఎప్పుడూ 70 వాట్లే అన్నదానికి ఒప్పుకోను. 1080పీలో 240 హెర్ట్జ్ మానిటర్ పెట్టి కాంపిటీటివ్ గేమ్ ఆడేవాడి ప్రాసెసర్, 4కేలో కార్డు వెనకాల వెయిట్ చేస్తూ కూర్చునే ప్రాసెసర్ ఒకటి కాదు. రేపు ఆయన 9800ఎక్స్3డికి మారితే? 2024 నవంబర్‌లో వచ్చిన ఆ చిప్‌లో క్యాష్‌ని కోర్ల కిందికి మార్చారు, కోర్లు నేరుగా మూత వైపు ఉన్నాయి, మల్టిప్లయర్ లాక్ కూడా తీసేశారు. దాంట్లో మంచి కూలింగ్‌కి ఫలితం ఉంటుంది. కూలర్ అనేది రెండు మూడు బిల్డులకి పనికొచ్చే వస్తువు, ఇవాళ్టి చిప్‌కి సరిపోయిందా అని మాత్రమే చూడకూడదు.

హీట్‌పైప్:
క్యాష్ కిందికి పోయింది కాబట్టి ఆ చిప్‌లో వేడి ఇంకా సులువుగా బయటికి వస్తుంది, అంటే అదే ఎయిర్ కూలర్‌తో ఇంకా బాగా నడుస్తుంది. మీ పాయింట్ నాకే పనికొచ్చింది. ఓవర్‌క్లాక్ చేసే (స్పీడుని కంపెనీ లిమిట్ దాటించే) ఉద్దేశం ఉంటే మాత్రం వేరే లెక్క, అది ఒప్పుకుంటా. కానీ అడిగిన మనిషి ఓవర్‌క్లాక్ ఊసే ఎత్తలేదు కదా.

కొత్తబిల్డ్:
చాలా థాంక్స్ అండీ. ఒక డౌట్ మిగిలింది. రూమ్ వేడిగా ఉన్నప్పుడు లిక్విడ్ అయితే కాస్త తట్టుకుంటుంది, ఎయిర్ అయితే చేతులెత్తేస్తుంది అంటారు, అది నిజమేనా?

ఫ్యాన్‌కర్వ్:
ఇప్పటిదాకా చదువుతూ ఉన్నా, దీనికి నేను చెప్తా. నిజం కాదు. రెండూ చివరికి వేడిని వదిలేది రూమ్ గాలిలోకే. రూమ్ టెంపరేచర్ కన్నా కింద ఏదీ దించలేదు, ఏఐఓలో నీళ్ళు ఉన్నాయని అది ఫ్రిజ్ అయిపోదు. రూమ్ 25 ఉన్నప్పుడు చిప్ 70 ఉంటే, రూమ్ 38 అయినప్పుడు 83 దగ్గర చూస్తారు, ఎయిర్ అయినా లిక్విడ్ అయినా ఆ పెరిగే 13 మాత్రం దాదాపు అంతే. అందుకే ఎవరైనా నాది 60 దాటదు అని స్క్రీన్‌షాట్ పెడితే ముందు రూమ్ ఎంతో అడగండి, అది చెప్పకపోతే ఆ అంకెకి విలువ లేదు. ఇంకోటి, ఏఐఓని పది నిమిషాలు టెస్ట్ చేసి చూసే రిజల్ట్ నమ్మొద్దు, నీళ్ళు పూర్తిగా వేడెక్కడానికే అరగంట పడుతుంది, అసలు అంకె ఆ తర్వాతే వస్తుంది.

నాకు ఈ చర్చ మొత్తంలో బాధ కలిగించేది ఏంటంటే ఎవరూ కేస్ మాట గట్టిగా మాట్లాడట్లేదు. ముందు అంతా గ్లాస్ ఉండి పక్కన సన్నటి చీలికలు మాత్రమే వదిలిన కేసులు చూడటానికి బాగుంటాయి, కానీ వాటిలో మీ ఎయిరూ ఓడిపోతుంది లిక్విడూ ఓడిపోతుంది. తేల్చుకోవడానికి రూపాయి ఖర్చు లేని టెస్ట్ ఒకటుంది. కాస్త బరువైన గేమ్ పెట్టండి, ఒకే చోట క్యారెక్టర్‌ని నిలబెట్టి అరగంట వదిలేసి కార్డు టెంపరేచర్ రాసుకోండి. గేమ్ ఆపకుండా సైడ్ ప్యానెల్ తీసి పక్కన పెట్టి ఓ పావుగంట ఆగి మళ్ళీ చూడండి. రెండు మూడు డిగ్రీలు తగ్గితే కేస్ బాగున్నట్టే. పది దాకా తగ్గిందంటే లోపల ఊపిరి ఆడట్లేదు, అప్పుడు మార్చాల్సింది కూలర్ కాదు, కేస్ లేదా ఫ్యాన్లు. ముందు మెష్ ఉన్న కేస్ తీసుకుని, ముందు రెండు పెద్ద ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి పెడితే ఈ బిల్డ్‌కి సరిపోతుంది. లోపలికి వచ్చే గాలి కాస్త ఎక్కువుండేలా చూసి, వచ్చే చోటల్లా డస్ట్ ఫిల్టర్ పెడితే దుమ్ము కూడా తక్కువ చేరుతుంది.

ఉక్క సంగతి కూడా. మీ పీసీ 400 వాట్లు తాగితే ఆ 400 వాట్లూ వేడిగా రూమ్‌లోకే వస్తాయి, కూలర్ మారిస్తే అది మారదు. తగ్గాలంటే కరెంటు తగ్గాలి. కార్డుని అండర్‌వోల్ట్ చేసి (వోల్టేజ్ కాస్త తగ్గించి) పవర్ లిమిట్ 80 శాతానికి దించి చూడండి, ఫ్రేములు పోయేది కొద్దిగానే, వాట్లు మాత్రం బాగా పడతాయి. ఫ్రేమ్ రేట్‌ని మానిటర్ హెర్ట్జ్ దగ్గర క్యాప్ చేయడం కూడా మర్చిపోవద్దు, మెనూ స్క్రీన్‌లో 600 ఫ్రేములు కొడుతూ రూమ్‌ని వేడెక్కించడం ఎందుకు.

పంప్‌హెడ్:
అండర్‌వోల్ట్ మాట నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. నా అభిప్రాయం మాత్రం మారలేదు, సౌండ్ విషయంలో ఏఐఓనే మేలు, డబ్బు ఉండి ఓపిక ఉన్నవాళ్ళు తీసుకోవచ్చు. తీసుకునేవాళ్ళకి ఒక్క జాగ్రత్త: పంప్ లూప్‌లో అన్నిటికన్నా పైన ఉండకూడదు. ఏ లూప్‌లోనైనా కాస్త గాలి ఉంటుంది, అది ఎప్పుడూ పైకే చేరుతుంది, రేడియేటర్ పై అంచు పంప్ కన్నా ఎత్తులో ఉంటే ఆ గాలి రేడియేటర్‌లోనే ఉండిపోతుంది. రేడియేటర్‌ని కేస్ అడుగున, పంప్ కన్నా కింద పెట్టిన బిల్డుల్లో పంప్ గలగల అంటూ తిరుగుతుంది, కొన్నాళ్ళకి పోతుంది, తర్వాత ఏఐఓలు మంచివి కావు అని పేరు వస్తుంది.

కానీ కార్డులో ఒక మెట్టు తగ్గించుకుని మరీ ఏఐఓ కొనమని నేనెవరికీ చెప్పను. ఈ బడ్జెట్‌కి కార్డే ముందు.

కొత్తబిల్డ్:
అయితే ఎయిర్ కూలరే, 16 జీబీ కార్డే. మెష్ కేస్ చూస్తున్నా. కూలర్ కొనేముందు ఏమేం కొలుచుకోవాలి?

హీట్‌పైప్:
మూడు చూసుకో. కేస్ స్పెక్స్‌లో సీపీయూ కూలర్ హైట్ అని ఉంటుంది, నాక్టువా ఎన్‌హెచ్-డి15 అయితే 165 ఎంఎం, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ అయితే 155, నీ కేస్ దానికన్నా కాస్త ఎక్కువే ఇవ్వాలి. రెండోది ర్యామ్, లైట్లున్న ఎత్తైన స్టిక్స్ అయితే ముందు ఫ్యాన్ కింద పట్టవు, ఫ్యాన్‌ని పైకి జరిపితే మళ్ళీ మొత్తం ఎత్తు పెరుగుతుంది, అందుకే పొట్టి హీట్‌సింక్ ఉన్న ర్యామ్ తీసుకో. మూడోది బరువు, డి15 ఫ్యాన్లతో కలిపి 1.3 కిలోలు, పీసీని కారులో తీసుకెళ్ళాల్సి వస్తే కేస్‌ని పడుకోబెట్టి తీసుకెళ్ళు.

బిగించేటప్పుడు ఒక స్క్రూని పూర్తిగా తిప్పేయకుండా ఒక పక్క స్క్రూకి రెండు చుట్లు, రెండో పక్క స్క్రూకి రెండు చుట్లు మార్చి మార్చి వేసుకుంటూ రా.

ఫ్యాన్‌కర్వ్:
కూలర్ బేస్ కింద ప్లాస్టిక్ ఫిల్మ్ ఉందేమో చూసి పీకేయండి, థర్మల్ పేస్ట్ (చిప్‌కీ కూలర్‌కీ మధ్య రాసేది) వేసే ముందే.