ఫోస్టర్‌గా పెరిగినవాళ్లు కన్నవాళ్లను ఎలా వెతుక్కున్నారు? (విశాఖ, ఉత్తరాంధ్ర)

మధురవాడ_అమ్మాయి
అందరికీ నమస్తే. నాకు 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నప్పుడు విశాఖ రైల్వే స్టేషన్‌లో ఒంటరిగా దొరికానట. ఐదేళ్లుంటాయని డాక్టర్లు అంచనా వేశారు. కొన్నేళ్లు పిల్లల హోంలో ఉన్నాను, తర్వాత ఫోస్టర్‌గా, అంటే దత్తత కాకుండా పెంపకానికి, ఇప్పటి అమ్మ దగ్గరికి వచ్చాను. పద్దెనిమిది నిండాక వెళ్లిపోవాలేమో అనుకున్నాను. ఇంట్లో ఆ మాటే ఎవరూ ఎత్తలేదు.

వచ్చే నెల అన్నయ్య పెళ్లి. శుభలేఖలో నా పేరు కూడా వేయించారు. అది చూసి చాలాసేపు ఏడ్చాను, సంతోషంతోనే. కానీ ఇల్లంతా చుట్టాలు. "ఈ పిల్ల ఎవరి తాలూకు?" అని ప్రతి ఒక్కరూ అడుగుతున్నారు. "మా పిల్లే" అంటుంది అమ్మ. ఆవిడ అటు వెళ్లగానే వంటగదిలో గుసగుసలు. మొన్న సింహాచలంలో పూజారిగారు గోత్రం అడిగితే అమ్మ తమ గోత్రమే చెప్పి నా పేరు చదివించింది. అప్పుడు హాయిగా అనిపించింది, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నన్ను కన్నవాళ్లు ఎవరు? నేను తప్పిపోయానా, వదిలేశారా? ఈ ఒక్కటీ తెలిస్తే చాలనిపిస్తోంది.

అమ్మకి చెప్పాలంటే భయం. పెళ్లింట్లో ఇప్పుడు ఈ మాటేంటి అనుకుంటుందేమోనని. ఇలా వెతికినవాళ్లు ఉంటే ఎక్కడ మొదలుపెట్టారో చెప్పండి.

గాజువాక_పిన్ని
అమ్మా, నేను అటువైపు మనిషిని. మా ఇంట్లో ఫోస్టర్ బాబు ఉన్నాడు, ఇప్పుడు పదో తరగతి. వాడి నాన్న బతికే ఉన్నాడు, తాగుడు మాని కొంచెం నిలదొక్కుకుంటున్నాడు. బాలల సంక్షేమ కమిటీ అనుమతితో అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్తాడు. చట్టంలోనే ఉంది, పిల్లలకి మంచిది కాదని కమిటీ అనుకుంటే తప్ప కన్నవాళ్లు వచ్చి చూడొచ్చు. ఆయన వచ్చే రోజు పొద్దున్నుంచీ నాకు టెన్షనే. వాణ్ని తీసుకుపోతాడేమో అని. అయినా వాడికి ఇష్టమని చేపల పులుసు వండి ఇద్దరికీ వడ్డిస్తాను. ఆయన వెళ్లాక వాడు నా వెనకాలే తిరుగుతాడు, ఏమీ మాట్లాడడు.

మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 వస్తుంది. దాని కోసమే పెంచుతున్నానన్న చుట్టాలు మాకూ ఉన్నారు. ఆ మాటలు మీ అమ్మగారూ పడే ఉంటారు. అవన్నీ పడి నిన్ను నిలుపుకున్న మనిషి నువ్వు ఒక ప్రశ్న అడిగినంత మాత్రాన విరిగిపోదు. బాధపడొచ్చు. బాధపడనీ. కానీ ఈ సంగతి బయటివాళ్ల నోటి నుంచి తెలిస్తే మాత్రం తట్టుకోవడం కష్టం. నువ్వే చెప్పు.

కంచరపాలెం_వర్కర్
పిల్లల సంరక్షణ పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. నాకు తెలిసిన దారి చెబుతాను.

నీ పేరు మీద ఒక ఫైలు ఉంటుంది. స్టేషన్‌లో దొరికిన పిల్లల్ని 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కాబట్టి దొరికిన రోజు, ఏ ప్లాట్‌ఫారం, ఏ బట్టలు, నువ్వు అప్పుడు ఏం చెప్పావు, ఏ భాషలో మాట్లాడావు అన్నవి అందులో ఉండే అవకాశం ఉంది. ఐదేళ్ల పిల్ల చెప్పిన ముక్క పెద్దయ్యాక మర్చిపోతుంది, కాగితం మర్చిపోదు. రైల్వే పోలీసుల దగ్గర కూడా ఏదో ఒక ఎంట్రీ ఉండాలి.

ఇంకో సంగతి. నిన్ను దత్తతకు ఇవ్వకుండా ఫోస్టర్‌కి ఎందుకు ఇచ్చారో అడుగు. దత్తతకు అర్హులని తేలిన పిల్లల్ని దీర్ఘకాలపు ఫోస్టర్‌కి ఇవ్వకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. కాస్త పెద్దవయసు పిల్లలకి దత్తత కుదరక ఫోస్టర్‌కి వెళ్లినవాళ్లూ ఉన్నారు. నీ విషయంలో ఏది కారణమో ఫైలులో రాసి ఉండాలి. మీవాళ్లు దొరుకుతారన్న ఆశతో ఆపారంటే వెతకడానికి అదే పెద్ద ఆధారం.

జిల్లా బాలల సంరక్షణ విభాగానికీ, కమిటీకీ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టు. నోటిమాటగా అడిగితే "పాతవి లేవమ్మా" అనేసి పంపిస్తారు. ఒక ఆఫీసులో ఒక అబ్బాయికి నా కళ్ల ముందే అలా జరిగింది. ఆ అబ్బాయి కాగితం రాసి ఇచ్చాక అదే బీరువాలోంచి ఫైలు బయటికి వచ్చింది.

మర్రిపాలెం_42
నేను దత్తత వెళ్లినదాన్ని. మాకు కారా (దత్తతలు చూసే కేంద్ర సంస్థ) ద్వారా మూలాలు వెతుక్కునే దరఖాస్తు ఉంటుంది, పద్దెనిమిది దాటితే సొంతంగా పెట్టుకోవచ్చు. మన తరఫున మూడో మనిషి అడగడానికి వీల్లేదు. ఫోస్టర్ వాళ్లకి అది వర్తించదనుకుంటా, కంచరపాలెం గారు చెప్పిన దారే సరైనది.

స్టీల్‌ప్లాంట్_రవి
తవ్వుకోవడం ఎందుకు చెల్లీ? దొరికిన కుటుంబం బంగారం లాంటిది. రేపు వాళ్లు దొరికి మంచివాళ్లు కాకపోతే?

పాతపోస్టాఫీసు_కుర్రాడు
రవి అన్నా, మీరు ప్రేమతోనే అంటున్నారు. కానీ మీ తాతల ఊరు మీకు తెలుసు. తెలియనివాళ్లకి ఆ ఖాళీ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నాది ఒడిశా వైపు. కోరమాండల్ రైలు ఎక్కి తప్పిపోయి ఇక్కడ దిగాను, హోంలో పెరిగాను, ఇప్పుడు హార్బర్‌లో ఐస్ ప్లాంటులో పని. ఇరవై దాటాక వెతికాను. బరంపురం పక్కన పల్లెలో మా అన్న దొరికాడు. అమ్మ పోయింది. అన్నకి నేను గుర్తున్నాను, కానీ నాకు ఒడియా రాదు, తనకి తెలుగు రాదు. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. వదిన అన్నం పెట్టింది. పొలంలో వాటా అడగడానికి వచ్చానేమోనన్న అనుమానం ఆ ఇంట్లో అందరి మొహాల్లో కనిపించింది. నాకేమీ వద్దని ఒకాయన చేత చెప్పించాను. అప్పటికిగానీ అన్న నా చెయ్యి పట్టుకోలేదు.

ఇప్పుడు పండక్కి ఫోన్ చేసుకుంటాం. అక్కడ ఉండిపోవాలని అనిపించలేదు. కానీ స్టేషన్‌లో నన్ను ఎవరూ వదిలెయ్యలేదు, నీళ్ల కోసం దిగి నేనే వేరే పెట్టె ఎక్కేశానట, అమ్మ పోయేదాకా వెతికించిందట. ఈ రెండు ముక్కలు తెలిశాక నాలో ఒక కోపం పోయింది. వెళ్లు చెల్లీ. ఒక్కదానివే వెళ్లకు, అంతే.

మధురవాడ_అమ్మాయి
అన్నా, చదివి ఏడుపొచ్చింది. థ్యాంక్స్.

నాకు గుర్తున్నవి రెండే. ఒక ముసలమ్మ నన్ను "బొట్టీ" అని పిలిచేది. ఇంకొకటి జాతర. చాలా పొడుగాటి మాను, దాని చివర గాలిలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. జనం అరటిపళ్లు విసురుతున్నారు. నేను ఎవరి భుజాల మీదో ఉన్నాను. ఇది నిజంగా చూశానా, టీవీలో చూశానా తెలియదు.

విజీనారం_వాసి
అది సిరిమాను అమ్మా! విజయనగరం పైడితల్లి అమ్మవారి పండగ. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం చేస్తాం. ఆడపిల్లని "బొట్టి" అనడం కూడా మన వైపుదే. నువ్వు మా ఊరి పిల్లవే కావచ్చు.

బొబ్బిలి_టీచర్
తొందరపడొద్దు. సిరిమాను ఒక్క విజయనగరంలోనే కాదు, మక్కువ మండలం శంబరలో పోలమాంబ జాతరకీ ఉంటుంది. అది జనవరిలో, సంక్రాంతి వెళ్లాక. చుట్టూ ఏం కనిపించింది? కోట, రోడ్లు, మేడలా? పొలాలా? చలిగా ఉందా?

మధురవాడ_అమ్మాయి
మేడలు గుర్తులేవు. చలి! దుప్పటి కప్పి ఉంది నాకు. చేతులు బయటికి తియ్యనిచ్చేవారు కాదు. ఇది ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీరు అడిగితే గుర్తొచ్చింది.

బొబ్బిలి_టీచర్
అయితే శంబర వైపు కూడా చూడాలి. జాతరకి చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కాదు, ఒడిశా నుంచి కూడా వస్తారు కాబట్టి ఊరు ఇదేనని చెప్పలేం. కానీ ఇటు నుంచి పనుల కోసం విశాఖ వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. పార్వతీపురంలోనో బొబ్బిలిలోనో రైలెక్కితే దిగేది మీ స్టేషన్‌లోనే.

కంచరపాలెం_వర్కర్
టీచర్‌గారు మంచి ప్రశ్న వేశారు. అమ్మాయీ, ఈ జ్ఞాపకాలు ఈ రోజే కాగితం మీద రాసి తేదీ వెయ్యి. పదిమంది పది మాటలు చెప్పాక నీ జ్ఞాపకమేదో వాళ్ల మాటేదో కలిసిపోతాయి.

మక్కువ అప్పట్లో విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. విచారణకి రాస్తే రెండు జిల్లాలకీ రాయమని అడుగు. ఇంకొకటి, తప్పిపోయిన ప్రతి పిల్లకీ ఎఫ్‌ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది 2013 మేలో. నువ్వు దొరికింది అంతకు ముందు. అందుకని ఎఫ్‌ఐఆర్ లేదంటే మీవాళ్లు వెతకలేదని అనుకోకు. స్టేషన్ డైరీలో ఒక వాక్యంగా మాత్రమే ఉండి ఉండొచ్చు.

నీ చిన్నప్పటి ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. "మా పిల్లే" అంటూ డబ్బు కోసం వచ్చేవాళ్లుంటారు. ఎవరైనా వస్తే కమిటీ ద్వారానే కలువు.

సీతమ్మధార_వకీలు
ఎవరూ అడగలేదు కానీ చెప్పాలి. ఫోస్టర్ బిడ్డకి ఆ ఇంటి ఆస్తిలో వారసత్వ హక్కు రాదు. 19 ఏళ్లకి దత్తత కూడా కుదరదు, 1956 హిందూ దత్తత చట్టంలో ఆచారం ఉంటే తప్ప పదిహేనేళ్లు దాటకూడదు. అమ్మగారు తన స్వార్జితంలో ఏదైనా ఇవ్వాలనుకుంటే ఇద్దరు సాక్షులతో వీలునామా రాయాలి. చిన్న పిల్లల్ని పెంచుతున్నవాళ్లు ఇది చూడండి: 2024 మార్గదర్శకాల ప్రకారం ఫోస్టర్‌లో రెండేళ్లు పెంచాక దత్తతకు వీలుంది, ఇదివరకు ఐదేళ్లు. గాజువాక పిన్నిగారి బాబుకి తండ్రి ఉన్నాడు కాబట్టి అక్కడ లెక్క వేరు.

మధురవాడ_అమ్మాయి
నిన్న రాత్రి అమ్మకి చెప్పాను. వక్కలు పొట్లాలు కడుతున్నాం ఇద్దరం. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నానూ అనుకుంటానే ఉన్నాను, ఎప్పుడడుగుతావా అని" అంది. పెళ్లి అవనీ, ఇద్దరం కలిసే ఆఫీసుకి వెళ్దాం అంది. కొంచెం ఏడ్చింది కూడా. దాచను. "వాళ్లు దొరికితే నన్నేటని పిలుస్తావు?" అని అడిగింది. అమ్మనే అన్నాను.

దరఖాస్తులో అమ్మ సంతకం కూడా కావాలా? ఏమేం జతచేయాలి?

కంచరపాలెం_వర్కర్
నీ సంతకం చాలు, మేజర్‌వి. ఆధార్ కాపీ, ఫోస్టర్ ఉత్తర్వు కాపీ, హోం పేరు, అక్కడున్న సంవత్సరాలు, నువ్వు రాసుకున్న జ్ఞాపకాల కాగితం జతచెయ్యి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకో. అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్లు, నువ్వు ఇంటికి వచ్చిన మొదట్లో ఏమేం చెప్పేదానివో ఆవిడకే తెలుస్తుంది.