అప్‌డేట్: లాజిక్‌తోనే మొదలుపెట్టాను

డిగ్రీలో ఫిలాసఫీ కోర్సులు ఎంచుకునేటప్పుడు లాజిక్ ముందా, ఎథిక్స్ ముందా అని అడిగాను కదా. ఎక్కువమంది లాజిక్ అన్నారు, అదే తీసుకున్నాను. లెక్కలంటే భయం కావడంతో మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను. ట్రూత్ టేబుల్‌లో (వాక్యాలు నిజమా, అబద్ధమా అన్న అన్ని కలయికలనూ వరుసలుగా రాసే పట్టిక) రెండు వాక్యాలుంటే 4 వరుసలు, మూడైతే 8, నాలుగైతే 16!

కానీ ఒకరోజు ఈ వాదన ఇచ్చారు: వాన పడితే నేల తడుస్తుంది, నేల తడిసింది, కాబట్టి వాన పడింది. నాకు సరిగ్గానే అనిపించింది. టేబుల్ వేస్తే మూడో వరుసలో, అంటే వాన పడలేదు కానీ నేల తడిసింది అనే వరుసలో, తప్పు బయటపడింది. వాన పడకపోయినా నేల తడవొచ్చు. ఆ వరుస చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్‌ను చదువుతుంటే ప్రతి ‘కాబట్టి’ దగ్గరా ఆగుతున్నాను. ఎథిక్స్ వచ్చే సెమిస్టర్‌లో తీసుకుంటాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.