చర్చ: చిన్న చిప్పు మీద ఎంపీ3 ఆడించడానికి నాణ్యత తగ్గించడం సబబేనా?

వాగుగట్టు:
చూపు లేని పిల్లలు పాఠాలు వినడానికి మేం కొందరం కలిసి ఒక చిన్న ప్లేయర్ తయారు చేస్తున్నాం. నాలుగు బటన్లు, మెమొరీ కార్డు, బ్యాటరీ, అంతే. ఖర్చు తగ్గుతుందని ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ (దశాంశ లెక్కలు వేగంగా చేసే భాగం) లేని చిప్పు తీసుకున్నాం. ఎంపీ3 ఆడుతోంది గానీ మధ్యమధ్యలో శబ్దం తెగుతోంది. ఎంపీజీ123 అనే ప్లేయర్ ప్రోగ్రాంలో ఉన్నట్టు శాంపిల్ రేటును (సెకనుకు ఎన్ని శబ్ద నమూనాలో ఆ లెక్కను) సగానికో పావుకో దించి డీకోడ్ చేద్దామని (ఫైలును శబ్దంగా విప్పుదామని) టీమ్‌లో సగం మంది పట్టు. మిగతావాళ్ళు ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

శబ్దశాల:
నేను ససేమిరా పక్షం. ముందు భారం ఎక్కడ పడుతోందో చూడండి. ఎంపీ3లో హఫ్‌మన్ కోడ్ (ఫైలును కుదించే సంకేతాలు) విప్పడం కన్నా, 32 సబ్‌బ్యాండ్లను (ఫ్రీక్వెన్సీ ముక్కలను) కలిపి మళ్ళీ శబ్దంగా మార్చే సింథసిస్ ఫిల్టర్‌బ్యాంకే ఎక్కువ తింటుంది. స్టాండర్డ్‌లోని సూత్రాన్ని ఉన్నదున్నట్టు కోడ్ చేస్తే ప్రతి 32 శాంపిళ్ళకు మ్యాట్రిక్సింగ్ (ఆ ఫిల్టర్‌బ్యాంక్‌లోని పట్టిక గుణకారం) ఒక్కదానికే 2048 గుణకారాలు. 1984లో బి.జి. లీ చూపిన ఫాస్ట్ డీసీటీ అనే లెక్క పద్ధతితో అదే పని 80 గుణకారాల్లో అయిపోతుంది. చెవికి తేడా ఉండదు.

ఇంకోటి, సున్నాలు. 128 కేబీపీఎస్ ఫైళ్ళలో ఎన్‌కోడర్ సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో పైభాగం కోసేస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్ ఫైల్లో ఒక్కో సబ్‌బ్యాండ్ సుమారు 689 హెర్ట్జ్. అంటే పైన ఏడెనిమిది సబ్‌బ్యాండ్లు ఖాళీ. వాటికి కూడా ఐఎండీసీటీ (ఫ్రీక్వెన్సీ విలువల్ని సబ్‌బ్యాండ్ శాంపిళ్ళుగా మార్చే లెక్క) ఎందుకు? అంతకుముందు గ్రాన్యూల్ (ఎంపీ3 ఫ్రేమ్‌లో ఒక ముక్క) నుంచి మిగిలిన ఓవర్‌ల్యాప్ మాత్రం మర్చిపోకుండా కలపండి, ఫలితం మారదు. ఇవన్నీ అయ్యాకే నాణ్యత జోలికి వెళ్ళాలి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

బ్యాటరీ బాబాయ్:
శబ్దశాల గారూ, ఫాస్ట్ డీసీటీ లాంటివి లిబ్‌మ్యాడ్, హీలిక్స్ అనే ఎంపీ3 డీకోడర్లు ఎప్పుడో చేసేశాయి. వీళ్ళు వాడేది కూడా అలాంటి ఫిక్స్‌డ్ పాయింట్ (పూర్ణాంకాలతోనే లెక్కలు చేసే) డీకోడరే అయ్యుంటుంది. ఇక పిండడానికి ఏం మిగిలింది? లిబ్‌మ్యాడ్‌లోనే కచ్చితత్వం తగ్గించి వేగం పెంచే ఆప్షన్లున్నాయి. ఎంపీ3 పరీక్షల స్టాండర్డ్ కూడా పూర్తి కచ్చితత్వం, పరిమిత కచ్చితత్వం అని రెండు స్థాయిలు పెట్టింది. సగం రేటుకు దించినా 11 కిలోహెర్ట్జ్ దాకా వినిపిస్తుంది, పాఠానికి అది ఎక్కువే. పిల్లలకు కావాల్సింది సాయంత్రం దాకా ఆగకుండా పలికే పెట్టె.

శబ్దశాల:
మాటలకు సగం రేటు సరే. పావు రేటుతోనే నా గొడవంతా. అప్పుడు 5.5 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. ‘స’ బలంలో చాలా భాగం ఆ పైనే ఉంటుంది. అది పోతే ‘స’ మొద్దుబారి ‘ఫ’ వైపు జరుగుతుంది. చూపున్న పిల్లవాడు పుస్తకం తిరగేసి సరిచూసుకుంటాడు. ఈ పిల్లలకు వినిపించిందే స్పెల్లింగ్. వాళ్ళ దగ్గర అక్షరాన్ని కోసి బ్యాటరీ మిగల్చడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది.

రేడియో రమణి:
డీకోడర్ మీద ఇంత తలబాదుకోవడం దేనికి? పాఠాలు మీరు రికార్డు చేసినవే కదా. అసలు కాపీ ఫ్లాక్‌లో (నాణ్యత పోని ఫార్మాట్‌లో) దాచి, ప్లేయర్‌లోకి 22.05 కిలోహెర్ట్జ్ మోనోలో ఎక్కించండి. 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియోలో సెకనుకు ఉండే 88,200 శాంపిళ్ళకు బదులు 22,050 ఉంటాయి. ఫిల్టర్‌బ్యాంక్ పని నాలుగో వంతుకు దిగుతుంది.

వాగుగట్టు:
పాఠాలకు బాగుంది రమణి గారూ, అలాగే చేస్తాం. కానీ పిల్లలు తెచ్చుకునే పాటలు కూడా ఇందులోనే ఆడాలి. ఆ ఫైళ్ళు మా చేతిలో ఉండవు.

శబ్దశాల:
అసలు తెగుతున్నది డీకోడింగ్ వల్లేనా? ఫ్రేమ్ డీకోడ్ మొదలవగానే చిప్పు పిన్ ఒకదాన్ని హై చేయండి, అవగానే లో చేయండి, ఆసిలోస్కోప్‌లో చూడండి. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఫ్రేమ్‌కు 1152 శాంపిళ్ళు, అంటే 26 మిల్లీసెకన్లు. పిన్ పది మిల్లీసెకన్లే పైనుంటే డీకోడర్ తప్పేమీ లేదు, కార్డును అనుమానించండి. 128 కేబీపీఎస్ పాటను 512 బైట్ల చొప్పున చదివితే సెకనుకు 31 సార్లు కార్డు తలుపు తట్టాలి. కార్డు ఒక్కసారి ఆలస్యంగా పలికినా బఫర్ ఖాళీ. 8 కేబీ చొప్పున చదివితే సెకనుకు రెండుసార్లు చాలు, మధ్యలో చిప్పు కాసేపు నిద్రపోతుంది కూడా. పిన్ 20 మిల్లీసెకన్లు దాటి పైనుంటే మాత్రం డీక్వాంటైజేషన్ టేబుల్ (ఫైల్లోని అంకెల్ని అసలు విలువలుగా మార్చే పట్టిక) ఎక్కడుందో చూడండి. పూర్తి టేబుల్‌లో 8 వేలకు పైగా విలువలుంటాయి, దాదాపు 32 కేబీ. అది చిప్పు ఫ్లాష్ మెమొరీలో ఉంటే ప్రతి చదువుకూ ఆగాల్సి రావచ్చు. ఆ కొలతలు, డీకోడర్ పేరు ఇక్కడ పెట్టండి.

బ్యాటరీ బాబాయ్:
కొలవడం మంచిదే, నేనూ అదే చెప్తాను. కానీ బ్యాటరీ పది శాతానికి పడిపోయాక పాటలైనా సగం రేటుకు మారేలా పెట్టండి. తాళాల మెరుపు తగ్గుతుంది, పాట మాత్రం ఆగదు. ఈ ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గను.